చేతులతో చెప్పిన వరద

మరమగ్గాల షెడ్డులోకి వరద వచ్చిన ఏటికి ఇది నాలుగో ఏడు. ఆ వీధిలో ఎవరు ఏం చెప్పినా ఆ లెక్కలోనే చెబుతారు. ఫలానా పెళ్ళి వరదకు ముందు, ఫలానా గొడవ వరద తర్వాత. మేస్త్రి మనవరాలు వరద దిగిన నెలలో పుట్టింది కాబట్టి ఆ పిల్ల వయసెంతని ఎవరూ ఎవరినీ అడగరు.

మేస్త్రిని వెనకాల మూగ మేస్త్రి అంటారు. ఎదురుగా కూడా అంటారు, ఆయన ఏమీ అనడు కనక. నిజానికి మూగవాడేం కాదు. మీసాలు రాని వయసులో షెడ్డులో చేరి, మీసాలు నెరిసేదాకా మగ్గాల మధ్యనే తిరిగిన మనిషి. అక్కడ మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే, దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడుకి, పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో వాళ్ళు చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. రెండు చూపుడు వేళ్ళు కలిపి విడదీస్తే దారం తెగింది. బొటనవేలు నోటి దగ్గర పెడితే మంచినీళ్ళు. బొటనవేలితో మిగతా వేళ్ళను రుద్దితే గుడ్డ బాగా వచ్చింది. వెనక నుంచి వచ్చి భుజం మీద రెండుసార్లు తడితే ఆగింది చాలు, మగ్గం నడుపు. పని గడవడానికి అంతకన్నా ఎక్కువ భాష అక్కర్లేకపోయింది.

ఇల్లాలు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మాట్లాడే పని ఆమెది, వినే పని ఆయనది. కూతురు చిన్నప్పుడు ఆమె కథ చెబుతుంటే ఈయన గడపలో అటు తిరిగి కూర్చుని, చెప్పుకి మేకు కొట్టుకుంటున్నట్టో, గొడుగు పుల్ల సరిచేస్తున్నట్టో ఏదో పని పెట్టుకునేవాడు. కథ అయిపోయేదాకా ఆ మేకు దిగేది కాదు. వరదకు ముందు ఏడు ఆమె పోయింది. మరుసటి ఏడు వరద వచ్చి షెడ్డు మునిగింది. తుప్పు పట్టిన మగ్గాలను యజమాని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాడు. మేస్త్రి ఇంట్లో కూర్చున్నాడు.

కూతురు సిటీబస్సులో కండక్టరు. అల్లుడు లారీ మీద దూరాలు తిరుగుతాడు. అతను ఇంటికి వచ్చిన రోజులకన్నా ఫోను చేసిన రోజులు ఎక్కువ, చేసిన రోజులకన్నా చేస్తానని చెప్పిన రోజులు ఇంకా ఎక్కువ. పిల్ల పాకడం మొదలుపెట్టగానే కూతురు మళ్ళీ డ్యూటీకి ఎక్కింది. పొద్దున్నించీ జరగండి, జరగండి, ముందు ఖాళీగానే ఉంది కదండీ అని అరిచి అరిచి, సాయంత్రం మెట్లెక్కి వచ్చేసరికి గొంతులో ఇసక పోసినట్టుండేది ఆమెకి. పిల్లను ఒళ్ళో వేసుకుని, చెంప ఆనించి, మాట లేకుండా కూర్చునేది. అలా గువ్వ తాత చేతుల్లో పెరిగింది. పిల్ల అసలు పేరు బడి రికార్డులో ఉంది. ఇంట్లోనూ బడిలోనూ అందరికీ గువ్వే.

మేస్త్రి మనవరాలిని ఎంత బాగా చూసుకున్నాడంటే, వీధిలో వేలెత్తి చూపినవాళ్ళు లేరు. వేళకి స్నానం, వేళకి తిండి, జ్వరం వస్తే రాత్రంతా కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునేవాడు. మాట మాత్రం చేతులతోనే. అదేదో ఆలోచించి చేసింది కాదు. ఒళ్ళోని పిల్ల ఏడిస్తే ఆయన బొటనవేలు దానంతట అదే నోటి దగ్గరికి వెళ్ళింది. పిల్ల చూసింది. మర్నాడు దాహమేస్తే పిల్లే బొటనవేలు నోటి దగ్గర పెట్టింది. ఆ రోజు మేస్త్రి మనసు గాల్లో తేలింది. షెడ్డు పోయాక తన భాష అర్థమయ్యే మనిషి ఇంకొకరు పుట్టారనుకున్నాడు.

కింద వాటాలో దర్జీ ఉండేవాడు. కుట్టుమిషను తొక్కుతూ మెట్ల మీదికి ఓ కన్నేసి ఉంచేవాడు.

"ఏం మేస్త్రీ, నీ నోటికి తాళం వేసి తాళంచెవి వరదలో పారేశావా? పసిదాంతోనన్నా నాలుగు మాటలు మాట్లాడరాదూ? ముత్యాలేమన్నా రాలిపోతాయా?"

మేస్త్రి తల ఊపి వెళ్ళిపోయేవాడు. వెనకాలే గువ్వ కూడా అచ్చం అలాగే తల ఊపి, ఒక్కొక్క మెట్టూ ఎక్కేది.

"సరిపోయింది. రెండో మేస్త్రి తయారవుతోంది" అనేవాడు దర్జీ.

అన్నిటికన్నా గువ్వకి ఇష్టమైనది వరద. మధ్యాహ్నం తిండి తిన్నాక తాత ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, అరచెయ్యి మోకాలి దగ్గర పెట్టి పైకి లేపేది. అంటే, నీళ్ళు రానీ. మేస్త్రి చేతులు నీళ్ళయ్యేవి. మోకాలు, నడుము, రొమ్ము. పిడికిళ్ళు మగ్గాలయ్యేవి, ఆడి ఆడి ఆగిపోయేవి. వేళ్ళు మనుషులై నిచ్చెన ఎక్కి రేకుల కప్పు మీద కూర్చునేవి. తర్వాత నీళ్ళు దిగేవి. చివర ఒక మనిషి ఆగిన మగ్గం దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకునేవాడు. రెండు చూపుడు వేళ్ళు కలిసి విడిపోయేవి. అయిపోయింది. గువ్వ మళ్ళీ అరచెయ్యి మోకాలి దగ్గర పెట్టేది.

చిన్నబడిలో వేసిన కొన్నాళ్ళకి టీచరమ్మ మేస్త్రి కూతురికి కబురు పెట్టింది. మీరూ, పిల్లను చూసుకునే తాతగారూ ఇద్దరూ రండి, కథ చెప్పే వేళకి రండి అని. అంతకుముందే గువ్వ చెవులు డాక్టరుకు చూపించమంది, చూపించారు. చెవులకి ఏమీ లేదు.

తరగతి గదిలో చాప పరిచి ఉంది. పిల్లలు గుంపుగా కూర్చున్నారు. మేస్త్రి, కూతురు వెనక గోడ పక్కన చిన్నపిల్లల కుర్చీల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు కూర్చున్నారు. మూడో తరగతి దాటని మనిషికి బడి గది అంటే ఆ వయసులోనూ చెమట పట్టింది. టీచరమ్మ చేతిలో పుస్తకం లేదు, బొమ్మ లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"ఒక ఎలుగుబంటికి ఒకే ఒక్క గొడుగు ఉంది. వాన వస్తే తడిసిపోతుందని ఆ గొడుగుని ఎప్పుడూ ఇంట్లోనే దాచుకునేది."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఎలుగుబంటి వానలో తడుస్తూ ఇంటికి పోతోంది. మేస్త్రి పిల్లల మొహాలు చూశాడు. వాళ్ళ కళ్ళు టీచరమ్మ మీద లేవు. ఒకడు కిటికీ వైపు, ఒకతి పైకప్పు వైపు, ఒకడు తన బొటనవేలి వైపు చూస్తున్నారు, అయినా వాళ్ళు అవేవీ చూడటం లేదు. నోళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. ఆ చూపు ఆయనకి తెలుసు. భార్య కథ చెబుతుంటే కూతురి కళ్ళు అలాగే ఎటో పోయేవి. గడపలో ఓసారి తల తిప్పి చూసి, పిల్ల ఎక్కడికి పోయిందా అనుకున్నాడు అప్పట్లో.

గువ్వ కళ్ళు ఎటూ పోలేదు. టీచరమ్మ ఒళ్ళో ఉన్న చేతుల మీదే నిలిచిపోయాయి. టీచరమ్మ ఓసారి జుట్టు వెనక్కి తోసుకుంటే గువ్వ ఆశగా ముందుకు వంగింది. ఆ చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడింది. గువ్వ వెనక్కి తగ్గింది. పిల్లలు నవ్వినప్పుడు అటూ ఇటూ చూసి, అందరి నవ్వూ అయ్యాక తనూ నవ్వింది.

కథ అయిపోయింది. టీచరమ్మ అడిగింది:

"గువ్వా, ఎలుగుబంటికి జలుబు ఎందుకు చేసింది?"

గువ్వ టీచరమ్మ మొహం చూసి, "ఎలుగుబంటి" అంది.

"ఆ, ఎలుగుబంటికే. ఎందుకు చేసింది?"

"గొడుగు" అంది గువ్వ. ఇంకేం అనాలో తెలియక తాత వైపు తిరిగింది.

"దానికి నోరు తిరగదు టీచర్" అన్నాడు ఒకడు ముందు వరసలోంచి.

"నీకు తిరుగుతోందిగా, కాసేపు ఆపు. గువ్వా, ఇది పోనీ. నీకు వచ్చిన కథ చెప్పు మాకు."

గువ్వ లేచి నిలబడింది. అరచెయ్యి మోకాలి దగ్గర పెట్టింది. నీళ్ళు లేచాయి. చిన్న పిడికిళ్ళు ఆడి ఆగిపోయాయి. వేళ్ళు నిచ్చెన ఎక్కాయి. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. పిల్లలు అదేదో ఆట అనుకుని తామూ చేతులు ఊపడం మొదలుపెట్టారు. ఒకడు ఈత కొట్టాడు. గువ్వ పట్టించుకోలేదు. మగ్గం దగ్గర మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. రెండు వేళ్ళు విడిపోయాయి.

గది మొత్తంలో అది అర్థమైనది మేస్త్రి ఒక్కడికే. ఆయన కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేచి, బొటనవేలు మిగతా వేళ్ళను రుద్దింది. గుడ్డ బాగా వచ్చింది. గువ్వ మొహం వెలిగిపోయింది. పక్కన కూతురు ఆ చేతిని చూసింది. మేస్త్రి చెయ్యి కిందికి దించి తొడ కింద పెట్టుకున్నాడు.

"ఎవరో ఏడ్చారు కదూ చివర్లో?" అంది టీచరమ్మ. "ఎవరమ్మా? ఎందుకు ఏడ్చాడు?"

గువ్వ మళ్ళీ కళ్ళు తుడుచుకుని చూపించింది. టీచరమ్మ మళ్ళీ అడిగింది. గువ్వ ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా కళ్ళు తుడుచుకుంది. ఎందుకు అన్న మాటకి షెడ్డులో సైగ లేదు. ఎప్పుడూ అవసరం రాలేదు.

పిల్లలు బయటికి ఆటకి పోయాక టీచరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆమె కసురుకోలేదు. కసురుకుని ఉంటే మేస్త్రికి కొంచెం తేలికగా ఉండేది.

"పిల్ల తెలివికి లోటు లేదండీ. చేతులతో చెప్పడం తప్పూ కాదు. చెవులు వినపడని వాళ్ళు చేతులతో ఎంత పెద్ద కథైనా చెప్పుకుంటారు, ఎందుకో కూడా చెప్పుకుంటారు. కానీ మీ సైగలు పనికి సరిపడా ఉన్నవి, కొన్నే. విన్న మాటకి తలలో బొమ్మ కట్టుకోవడం, నిన్న ఏమైంది, రేపు ఏమవుతుంది, ఎదుటివాడి మనసులో ఏముంది అని పట్టుకోవడం పుట్టగానే రాదు కదా. ఒకళ్ళు చెబుతూ ఉంటే, వింటూ వింటూ ఉంటే బుర్రలో దారులు పడతాయి. నడిచేకొద్దీ కాలిబాట పడ్డట్టు. గువ్వకి ఆ బాట ఇంకా పడలేదు."

"ఇంక పడదా?" అంది కూతురు. గొంతు అరిగిపోయి మాట సగమే వచ్చింది.

"ఎందుకు పడదమ్మా, చిన్నపిల్ల. పడుతుంది. కాకపోతే ఇప్పుడే మొదలుపెట్టాలి. రోజంతా దాంతో మాట్లాడే మనిషి ఒకరు కావాలి. పాత కథే కానివ్వండి, వందసార్లు చెప్పిందే కానివ్వండి."

మేస్త్రి నేలమీద చాప అంచు చూస్తున్నాడు. పడుగు వెయ్యని మగ్గం మీద ఎంత దారం పోసినా గుడ్డ రాదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నిలువు దారాలు ముందు పరవాలి. అవి పరవాల్సిన వేళంతా ఆ పిల్ల ఆయన ఎదురుగానే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

నడిచి ఇంటికి బయల్దేరారు. దారిలోనే గువ్వ తాత చంకలో నిద్రపోయింది. ఇంటికి వచ్చి, పిల్లను పడుకోబెట్టి, దీపాల వేళకి కూతురు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, ఆదివారం దీన్ని మా అత్తగారి దగ్గర దింపి వస్తాను. ఆయనతో ఫోనులో మాట్లాడాను. అక్కడ ఇంటినిండా మనుషులు. మామయ్య నోరు మూత పడదు, తోటికోడలు ఎలాగూ రేడియో. అక్కడి బడిలోనే వేస్తాం."

మేస్త్రి ఊఁ అన్నాడు.

"ఊఁ కాదు. ఏదో ఒకటి అను. వద్దను. సరే అను. నన్ను తిట్టు."

ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"నాకు అమ్మ చెప్పింది నాన్నా. ఆ కథలన్నీ నువ్వూ విన్నావు. అటు తిరిగి కూర్చునేవాడివి, మేకు కొట్టేవాడివి కాదు. నాకు తెలీదనుకున్నావా? అమ్మ నవ్వేది, మీ నాన్న చెవులు వెనక్కి తిరిగి ఉన్నాయి చూడవే అని. ఒక్కటంటే ఒక్కటి దానికి చెప్పలేకపోయావా?"

కాసేపు గిన్నెలు సర్దింది. సర్దిన గిన్నెనే మళ్ళీ సర్దింది.

"నాదీ ఉందిలే తప్పు. ఊరందరితోనూ అరిచి, దాని దగ్గరికొచ్చేసరికి గొంతు లేదు నాకు. పైగా మీ ఇద్దర్నీ చూసి మాటల్లేని సినిమా అని నవ్వేదాన్ని." ఇంకో గిన్నె చేతిలోకి తీసుకుంది. "ఆ చివర ఏడిచేది ఎవరు?"

మేస్త్రి తలెత్తాడు. చెయ్యి లేవబోయింది. దాన్ని ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

"నేనే" అన్నాడు.

కూతురు గిన్నె కింద పెట్టింది. తండ్రి ఏడవడం ఆమె చూడలేదు. తల్లి పోయిన రోజున కూడా చూడలేదు.

"ఎందుకు నాన్నా?"

మాట గొంతు దాకా వచ్చింది. ఇంకా పైకి రాలేదు. కూతురు లోపలికి వెళ్ళి పిల్ల పక్కన పడుకుంది. పొద్దున మొదటి బస్సు ఆమెది.

ఎందుకో మేస్త్రికి తెలుసు. మగ్గాల కోసం అనుకున్నారు షెడ్డువాళ్ళు. మగ్గాలు ఆయనవి కావు. ఆ రోజు నీళ్ళు దిగాక, బురదలో నిలబడితే, అంత పెద్ద షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. చినుకు పడితే వినిపిస్తోంది. ఆ చప్పుడు ఉన్నన్నాళ్ళూ ఆయన మాట్లాడకపోవడం ఎవరికీ కనపడలేదు, ఆయనకే కనపడలేదు. భార్య ఆసుపత్రి మంచం మీద నుంచి చివరి రోజుల్లో, ఏదన్నా చెప్పండి, వింటాను, ఈసారి నా వంతు అంది. ఆయన నీళ్ళు కావాలా అని బొటనవేలు చూపించాడు. షెడ్డు మూగబోయిన రోజున అది గుర్తొచ్చింది. అందుకు ఏడ్చాడు. ఆ ఏడుపుని తెచ్చి పసిపిల్లకి ఆటలాగా ఇచ్చాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

గువ్వ అత్తవారింటికి కాదు, నానమ్మ ఇంటికే పోతోంది. అక్కడ దానికి బాటలు పడతాయి. ఇంకెవరి గొంతు వింటూనో పడతాయి. పంపొద్దని అడిగే మొహం తనకి లేదని ఆయనకి తెలిసిపోయింది.

పొద్దున్నే కూతురు డ్యూటీకి పోయింది. మేస్త్రి పిల్లకి జడ వేశాడు, బూట్లు తొడిగాడు. రోజూ అయితే బడికి పోతూ ఆయన రెండడుగులు ముందు నడిచి, వెనక్కి తిరిగి చేతులతో కుక్కనో కాకినో చూపిస్తూ పోయేవాడు. ఆ రోజు మెట్ల దగ్గర కింద కూర్చుని వీపు చూపించాడు. గువ్వ ఎగిరి భుజాల మీదికి ఎక్కింది. ఆయన లేచి, రెండు చేతులతో రెండు చీలమండలూ గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు పిల్లకి ఆయన చేతులు కనపడవు, పెదవులు కనపడవు. ఆయనకీ వేరే పనికి చెయ్యి ఖాళీ లేదు.

దర్జీ మిషను ఆపి చూశాడు. "ఊరేగింపు ఎక్కడికి?" అన్నాడు.

"బడికి" అన్నాడు మేస్త్రి. దర్జీ చేతిలో గుడ్డ జారిపోయింది.

మలుపు తిరిగాడు. వీధి కొళాయి దాటాక గొంతు సవరించుకున్నాడు. గువ్వ ఉలిక్కిపడి, ఆ చప్పుడు ఎక్కడిదా అని పైనుంచి వంగి ఆయన నోట్లోకి చూసింది. చీలమండలు కిందికి లాగి మళ్ళీ నిటారుగా కూర్చోబెట్టాడు.

"మీ అమ్మమ్మ ఉండేది" అన్నాడు.

గొంతు తనది కానట్టుంది. కొంతదూరం నడిచాడు.

"కథలు చెప్పేది. తాత అటు తిరిగి వినేవాడు. వినేవాడని ఎవరికీ చెప్పేవాడు కాదు. ఒకరోజు వాన. పెద్ద వాన. ఏరు పొంగింది. నీళ్ళు షెడ్డులోకి వచ్చాయి."

నీళ్ళు అనగానే చేతులు లేవబోయాయి. పిల్ల కాళ్ళు ఉన్నాయి వాటిలో. అలాగే పట్టుకుని, మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుము దాకా వచ్చాయి అని నోటితోనే అన్నాడు. మాటలు సరిగా అతకడం లేదు; చెప్పినదే మళ్ళీ చెప్పాడు, నిచ్చెన మర్చిపోయి వెనక్కి వచ్చాడు. భార్య అయితే ఇంత సంగతిని ఎలా చెప్పి ఉండేదో అనిపించింది. పైన పిల్ల కదలడం లేదు. వింటోందో, నిద్రపోయిందో, ఎటన్నా చూస్తోందో తెలియలేదు. దాని మొహం చూడాలని ఉంది. చూడాలంటే దించాలి.

బడి గేటు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు దిగిపోయాయి. మగ్గం దగ్గర మనిషి నిలబడ్డాడు.

"ఆ మనిషి ఏడ్చాడు" అన్నాడు మేస్త్రి. "అది మీ తాత. ఎందుకు ఏడ్చాడంటే" అని ఆగిపోయాడు.

పిల్లలు గేట్లోంచి లోపలికి పోతున్నారు. గంట కొట్టారు. దింపాలని కొంచెం వంగాడు.

గువ్వ దిగలేదు. భుజం మీద చిన్న అరచెయ్యి రెండుసార్లు తట్టింది. ఆగింది చాలు.

మేస్త్రి మళ్ళీ నిటారుగా లేచాడు. గేటు వదిలేసి, బడి గోడ పక్కనే ముందుకు నడుస్తూ, ఎందుకో చెప్పడం మొదలుపెట్టాడు.